టీలో పప్పు

ఆ శుక్రవారం ఉమారాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి ముగ్గురు ఆడవాళ్ళు వస్తారు, మసాలా టీ తాగుతారు, మెచ్చుకుని వెళతారు.

అది తొంభై మూడు డిసెంబరు. ఆమె కాకినాడ నుంచి కాపురానికి ఢిల్లీ వచ్చి మూడు నెలలైంది. సాకేత్ పక్కన సర్కారు క్వార్టర్లలో రెండో అంతస్తు. కింద ఎండలో నులకమంచాలు వేసుకుని ఆడవాళ్ళు స్వెటర్లు అల్లుకుంటూ, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ నవ్వుకుంటుంటే, హిందీ రాని ఉమారాణి బాల్కనీలోంచి చూస్తూ ఉండేది. మనిషి మాటకు మొహం వాచిపోయింది పాపం. ఈ టీ కుదిరితే ఆ మంచం మీద తనకూ కాస్త చోటు దొరుకుతుంది. కుదరకపోతే బాల్కనీయే గతి.

ఆమె పుట్టింట్లో అందరూ కాఫీ మనుషులు. అందుకని భర్త రఘునందన్ ఆ ముగ్గురిలో ఒకరైన పక్కింటి సేఠీ ఆంటీని అడిగి టీ తయారీ రాసుకొచ్చాడు. ఆఫీసులో పెట్టే హిందీ పరీక్ష ఫస్టుక్లాసులో పాసైన మనిషి. భార్యకు ఇబ్బంది లేకుండా అంతా తెలుగులోకి మార్చి మరీ రాశాడు.

"పాలు, అల్లం, ఏలకులు, లవంగాలు, పప్పు, పంచదార. టీపొడి చివర్లో," అని చదివి ఉమారాణి తలెత్తింది. "టీలో పప్పేమిటండీ?"

"ఇక్కడి చలికి బలం ఉండాలిగా. ఆంటీ స్వయంగా చెప్పింది."

"ఏ పప్పు?"

అది ఆయన అడగలేదు. చార్టర్డ్ బస్సు వచ్చే వేళైందని బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఉమారాణి బాల్కనీలోకి వెళ్ళి, ధైర్యం కూడదీసుకుని, "ఆంటీ, దాల్ కౌన్సా?" అంది.

పక్క బాల్కనీలో రజాయి ఆరేస్తున్న సేఠీ ఆంటీ ఒక్క క్షణం ఆలోచించి, "మూంగ్ బనా లే, బేటా. హల్కీ రహతీ హై," అంది. మూంగ్ అంటే పెసరపప్పని, హల్కీ అంటే తేలికని ఉమారాణికి తెలుసు. తెలియనిదల్లా ఆంటీ మనసులో ఏముందో. టీకే అనుకున్నాం గానీ ఈ పిల్ల మనకోసం పప్పు వండుతోంది, అంటే భోజనానికే పిలిచిందన్నమాట అనుకుని, ఆవిడ మిగతా ఇద్దరికీ పొయ్యి వెలిగించవద్దని, భోజనం వేళకే వెళదామని కబురు పెట్టింది.

పదకొండయింది. ఎవరూ రాలేదు. గిన్నెలో పాలు, పప్పు, పంచదార, మసాలా మరుగుతున్నాయి. వాళ్ళు రాగానే టీపొడి వేద్దామని ఉమారాణి మంట తగ్గించింది. పదకొండున్నరకు చిక్కబడింది. పాలు పోసింది. పన్నెండుకు మళ్ళీ చిక్కబడింది. పొద్దున్నే మదర్ డెయిరీ బూత్‌లో పట్టుకొచ్చిన పాలన్నీ అయిపోయాయి. ఒంటిగంటకు గరిటె పెడితే గరిటె నిలబడింది. అప్పుడు మోగింది కాలింగ్ బెల్లు.

ముగ్గురూ ఆకలి మీద వచ్చారు. వాళ్ళను కూర్చోబెట్టి వంటింట్లోకి వచ్చిన ఉమారాణి గిన్నె వంక మరోసారి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఎంతకీ రావడం లేదని సేఠీ ఆంటీయే లోపలికి వచ్చి, ఆమెను చూసి, గిన్నెను చూసి, చెంచాతో కాస్త తీసి నాలిక మీద వేసుకుంది.

"అరే, యే తో ఖీర్ హై," అంది.

నిజమే. చిన్నప్పటినుంచీ ప్రతి పండక్కీ తాగిన పెసరపప్పు పాయసం! టీ భయంలో ఉమారాణి దాన్ని గుర్తుపట్టలేదంతే. ముగ్గురూ గిన్నెడు పాయసం ఊడ్చేశారు. ఆకలి అప్పటికీ తీరక ఆంటీ తన ఇంటికి వెళ్ళి పరాఠాలు చేసుకొచ్చింది. తింటూ తింటూ, పప్పు తినడానికి వస్తే పాయసం ఎందుకు చేశావని అడిగింది.

ఉమారాణి కాగితంలో పప్పు, పంచదార అన్నచోట వేలు పెట్టి చూపించి, "దాల్... చీనీ... ఆప్ బోలా," అంది.

ఆంటీకి అర్థం కావడానికి నిమిషం పట్టింది. వెళ్ళి తన డబ్బాలోంచి ఓ పుల్ల తెచ్చి చేతిలో పెట్టి, "దాల్చీనీ," అంది. ఉమారాణి వాసన చూసింది. దాల్చిన చెక్క. నలుగురూ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. మర్నాడు కిందనుంచి "ఉమా, ఆ జా" అని కేక వినిపించింది. వెళ్ళేసరికి మంచం మీద ఆమెకు చోటుంది. ఆ క్వార్టర్లు వదిలిన ఇన్నేళ్ళకూ, దాల్చిన చెక్క వాసన తగిలితే చాలు, ఆమె మనసు ఆ ఎండలోకే పోతుంది.

ఆ శుక్రవారం సాయంత్రం మాత్రం రఘునందన్ వస్తూనే, "టీ ఎలా కుదిరింది?" అని అడిగాడు.

"బాగానే కుదిరిందండీ," అంది ఉమారాణి. "మీరే పప్పులో కాలేశారు."

మరుసటి సెప్టెంబరులో ఆఫీసు హిందీ పక్షోత్సవంలో అనువాదానికి మొదటి బహుమతి రఘునందన్‌కే వచ్చింది.