సిద్ధాంతానికి చాలినంత శాంపిల్

రొయ్య ధర ఎందుకు పడిపోయిందో తేలేదాకా జిల్లాలో ఒక్క కిలో కూడా అమ్మకూడదు, కొనకూడదు అని మంత్రిగారు విడవలూరు సభలో ప్రకటించారు. కారణం తేల్చడం మామూలు అర్థశాస్త్రానికి చేతకాదని, అందుకే ఆ శాస్త్రాన్నే ఒప్పుకోని ఇద్దరు ప్రొఫెసర్లతో కమిటీ వేశామని చెప్పారు. ఇంత ముందుచూపు ఎవరికుంటుంది?

ప్రమీలమ్మ చప్పట్లు కొట్టి, నేరుగా తన రొయ్యల గుంట దగ్గరికి పోయింది. నాలుగు రొయ్యలు చచ్చి తేలుతున్నాయి. గుల్లల మీద తెల్లమచ్చలు, గుంటంతా ఊడ్చేసే తెగులు. ఇక రెండు రోజులే. మూడో రోజు గుంటలో నీళ్లే మిగులుతాయి.

మర్నాడు కమిటీ ఆమె గుంట కట్ట మీదే షామియానా వేసుకుంది.

"ముందు సిద్ధాంతం కావాలి. అది లేకుండా దేన్ని చూడాలో ఎలా తెలుస్తుంది?" అన్నారు ప్రొఫెసర్లలో ఒకరైన హరినాథ్ గారు.

"ముందు చరిత్ర చూడాలి. చూడకుండా సిద్ధాంతం ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?" అన్నారు రెండో ప్రొఫెసర్ జడ్సన్ గారు.

సాయంత్రానికి చర్చ 'ధర' అనే మాటకు నిర్వచనం దాకా వచ్చింది. తేలే రొయ్యలు నలభై దాకా వచ్చాయి.

"సార్, ఒక్క మాట," అంది ప్రమీలమ్మ. "మా దగ్గర కొనేవోడు ముందు వల విసిరి శాంపిల్ తీస్తాడు. కిలోకి ఎన్ని తూగినాయో చూసి ధర చెప్తాడు. మీరింకా శాంపిలే తియ్యలా."

"అది అమ్మకం కిందికి రాదు కదా?" అని అడిగారు జడ్సన్ గారు.

"ఎట్టా వస్తాది సార్? పరిశోధన."

"గుప్పెడు రొయ్యలతో సిద్ధాంతం నిలబడదమ్మా," అన్నారు హరినాథ్ గారు.

"చరిత్ర అసలే నిలబడదు," అన్నారు జడ్సన్ గారు.

"అయితే గుంటంతా తీసేద్దాం సార్. సగం వదిలితే, మీరంటే గిట్టనోళ్లు ఆ సగం సంగతేందని అడుగుతారు."

కమిటీ వేశాక ఇద్దరూ ఏకీభవించడం అదే మొదలు.

తెల్లారేసరికి ఐసు లారీ వచ్చింది. నాలుగు టన్నుల శాంపిల్ పరీక్షకని నెల్లూరు పోయింది. అక్కడ పరీక్షించే వ్యాపారి సుబ్బు ఫోన్‌లో రేటు చెప్పాడు.

"కిలోకి ఇంకో పది రూపాయలెయ్యి," అంది ప్రమీలమ్మ.

"ఏందక్కా, పరిశోధనకు గూడా బేరమేనా?"

"ఇద్దరు ప్రొఫెసర్లు నిలబడి పట్టించినారు నాయనా. ఆ మాత్రం పలకదా?"

పలికింది.

మధ్యాహ్నానికి కట్ట కింద రైతులు బారులు తీరారు. "మాది గూడా శాంపిల్లో రాసుకోండి సార్!" వారంలో నూట పన్నెండు గుంటలు ఖాళీ అయ్యాయి.

రాష్ట్రంలో ఇంత పెద్ద సర్వే జరగలేదని మంత్రిగారు ప్రొఫెసర్లకు శాలువాలు కప్పారు. "నిషేధం నూటికి నూరుపాళ్లు అమలైంది. ఒక్క కిలో అమ్ముడుపోలేదు!"

ప్రమీలమ్మ లేచి దణ్ణం పెట్టింది. "వచ్చే పంటకి గూడా నిషేధం పెట్టండి సార్. కమిటీని మాత్రం పది రోజులు ముందుగా పంపించండి."

మంత్రిగారికి కళ్లు చెమర్చాయి. నిషేధాన్ని ప్రజలే కోరుతున్నారని రాసుకోమని పీఏకు చెప్పారు.