ఎర్ర సిరా సంతకం

ఆ గురువారం పొద్దున దోన్ సతూరియో వేసుకున్న పథకం చిన్నదే. రొట్టె తేవాలి, పెట్టె సర్దాలి. సోమవారం పెన్షనర్ల బస్సులో పెనిస్కోలా వెళ్లి, నెల రోజులు సముద్రం పక్కన ఉండాలి. ఆ సముద్రం కోసం భార్య విసి నలభై ఏళ్లుగా అడుగుతోంది. బడిపంతులుగా ఉన్నన్నాళ్లూ ఆయనకు దిద్దాల్సిన పేపర్లు అడ్డమొచ్చాయి. రిటైరయ్యాక కూడా రెండుసార్లు వాయిదా వేశాడు.

"ఈసారి తప్పించావో, నేనొక్కదాన్నే పోతా" అని విసి ముందే చెప్పింది.

కిందికి దిగబోతే లిఫ్టు తలుపు మీద కాగితం కనిపించింది. నాలుగో అంతస్తులో ఉండే చేపల కొట్టు దొమితీల రాసింది. ఈ ఏడాది భవన సంఘానికి అధ్యక్షురాలు ఆవిడే. అదొక దిక్కుమాలిన పదవి. పైపు కారినా, లిఫ్టు ఆగినా, పై ఇంటివాళ్లు కుర్చీలు ఈడ్చినా అధ్యక్షుడి తలుపే కొడతారు. ఊరు వదిలి కదలడానికి లేదు. అందుకే ఇరవై ఇళ్లవాళ్లూ ఏటా ఏదో ఒక జబ్బు చెప్పి తప్పించుకుంటారు. కాగితంలో ఉన్నది ఇంతే: "రాబోయే ఏడాది అధ్యక్షత తీసుకునే ఓపిక ఎవరికైనా ఉంటే, ఇష్టమైతే కింద సంతకం చేయండి. ఎవరూ లేకపోతే ఈ సాయంత్రం చీటీలు తీస్తాం."

సతూరియోకు ఒళ్లు మండిపోయింది. పదవి గురించి కాదు. స్పానిష్‌లో 'ఉంటే', 'లేకపోతే' లాంటి ఊహ మాటలకు క్రియ చివర వేరే తోక తగిలించాలి. 'తుబియెరా' అనాలి. ఈ లోగ్రోన్యో ఊళ్లో పుట్టినవాళ్లు తాతల నాటి నుంచి 'తెండ్రియా' అంటారు. దేశమంతా నవ్వినా వీళ్లకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ముప్పై ఎనిమిదేళ్లు గొంతు చించుకున్నాడాయన. కాగితంలో అలాంటి క్రియలు మూడుంటే మూడూ తప్పే!

జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. మూడు తోకలూ కొట్టేసి సరైనవి రాశాడు. పదికి మూడు మార్కులు వేశాడు. చెయ్యి అలవాటు చొప్పున కింద తేదీ వేసి, సంతకం కూడా గీకేసింది.

రొట్టెతో తిరిగొచ్చేసరికి రెండో అంతస్తు లెస్మెస్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మాష్టారూ! లిఫ్టు దగ్గర చూశాను. మీలాంటివాళ్లు ఒక్కరుంటే చాలు!"

సతూరియో ఛాతీ విప్పారింది. "ఎవరో ఒకరు పూనుకోవాలి కదయ్యా."

"ఈ ఒక్క ఏడాదేనా?"

"ఓపిక ఉన్నన్నాళ్లూ! మీరంతా దారికొచ్చేదాకా వదిలిపెట్టను!"

లెస్మెస్ కళ్లు చెమ్మగిల్లాయి. పరుగున వెళ్లి, ఆ వారమే కాల్చి నూనెలో పెట్టిన, కారం లేని ఎర్ర మిరపకాయల సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. మధ్యాహ్నానికి మరో మూడు సీసాలు, ఒక చోరీసో సాసేజీల దండ ఇంటికొచ్చాయి. "చూశావా విసీ, ఇన్నాళ్లకు ఊరికి భాష మీద గౌరవం పుట్టింది" అన్నాడు సతూరియో, సీసా ఖాళీ చేస్తూ. విసి అనుమానంగా చూసి, ఈత దుస్తులు మడత పెట్టుకుంది.

సాయంత్రం మెట్ల కింద అందరూ చేరారు. సతూరియో అడుగుపెట్టగానే చప్పట్లు. పాఠం మొదలుపెట్టబోతుంటే దొమితీల తాళాల గుత్తి చేతిలో పడేసింది.

"ఇదేంటి?"

"మిద్దెది, బాయిలరుది, లిఫ్టు గదిది. ఇక మీ చావు మీరు చావండి, మాష్టారూ."

"నేను దిద్దాను! మూడు మార్కులేశాను!"

"అది చూసి నాకూ ఒళ్లు మండింది. కింద సంతకం చూశాక చల్లబడ్డాను."

"ఇది మోసం! దగా!"

"ఓపిక ఉన్నన్నాళ్లూ అన్నారు" అన్నాడు లెస్మెస్. "పైగా మిరపకాయలు తిన్నారు."

సతూరియో గుత్తిని నేలకేసి కొట్టాడు. ఎవరూ తీయలేదు. అందరూ విసి వైపు చూశారు.

"ఆ కాగితం చదివావా?" అంది విసి.

"ఎందుకు చదవలేదు? మూడు తప్పులు!"

"ఏం రాసుందో చదివావా?"

ఆయన చెయ్యి జేబులోని ఎర్ర పెన్ను మీదికి పోయింది.

"నలభై ఏళ్లు నాకూ ఇదే గతి!" విసి గొంతు మెట్ల మీద మోగింది. "సముద్రానికెళ్తే ఎంత బాగుండు అని నేనంటే, నువ్వు తోక దిద్దేవాడివి. ఒక్కసారైనా సరే వెళ్దామన్నావా?" తర్వాత పక్కకు తిరిగింది. "దొమితీలా, సోమవారం నుంచి నీకేం పనుంది?"

"ఇప్పుడా? ఏమీ లేదు" అంది దొమితీల.

బస్సులో సతూరియో సీటు మర్నాడే ఆవిడ పేరుకు మారింది.

మూడో వారం పోస్టుకార్డు వచ్చింది. అప్పటికి లిఫ్టు రెండుసార్లు ఆగింది, బాయిలరు ఒకసారి. సతూరియో తాళాల గుత్తి పక్కన పెట్టి చదివాడు. 'నువ్వు కూడా ఉంటే బాగుండేది' అని విసి రాసింది. తోక తప్పు! మాటలో జారినా, రాతలో ఆవిడ ఏనాడూ తప్పిన మనిషి కాదు. దొమితీల సావాసం.

ఈసారి ముందు ఏం రాసుందో రెండుసార్లు చదివాడు. తర్వాత ఎర్ర పెన్ను తీసి తప్పు దిద్దాడు.

సంతకం మాత్రం పెట్టలేదు.