నత్తలకు దిష్టి

నూకరత్నం పెరట్లో కూర్చుని నత్తల కుండలో నీళ్లు చిలకరిస్తోంది. పొగమంచు ఇంకా దడి దాటలేదు. అరకు లోయలో ఆ వేళకి కొండలు ఉండవు. రాత్రి ఎవరో మడిచి దాచినవాటిని ఎండ వచ్చాక ఒక్కొక్కటే విప్పుతారు. నత్తలూ అంతే. చుక్క పడగానే ఒక కొమ్ము, కాసేపటికి ఇంకో కొమ్ము, లోకం బాగానే ఉందని నమ్మకం కుదిరితే మిగిలిన ఒళ్లు.

భర్త వరహాలరావు ఫారెస్టు కచేరీలో గుమాస్తా. ఆయన కచేరీకి వెళ్లిపోతే ఆమెకు నత్తలే తోడు. కిందటి వారం అత్తగారు అప్పలనర్సమ్మ శృంగవరపుకోట నుంచి చూడవచ్చింది. ఆ హడావుడిలో నూకరత్నం నీళ్లు చల్లడం మరిచిపోయింది. ఇవాళ కుండ కడిగి ఆకులు మారుద్దామని కూర్చుంటే, మూడు నత్తలు గుల్ల నోటికి తెల్లటి పొర కట్టుకుని కదలకుండా ఉన్నాయి.

అత్తగారు వెనక నుంచి తొంగిచూసింది.

"ఏటే రత్నం, సచ్చిపోనాయా?"

"పడుకున్నాయేమో అత్తా."

"నత్త తలుపేసుకుని పడుకుంటాదేటే? ఈ ఇల్లు మంచిది కాదని నాను ముందే సెప్పినాను. ఇయ్యాల నత్తలు, రేపు మనుసులు. ఇంకొకటి సచ్చిందా, నిన్ను బండెక్కించి కోటకి తీసుకుపోతాను. ఆడి వంట ఆడే సేసుకుంటాడు."

నూకరత్నం కుండ అంచు గట్టిగా పట్టుకుంది. కోట ఇంట్లో ముగ్గురు తోడికోడళ్లు, తెల్లారింది మొదలు వాళ్ల మాటలు. ఇక్కడ మంచు కురిసే చప్పుడు కూడా వినిపిస్తుంది.

అత్తగారు ఆ మూడింటినీ దడి అవతల ఆకుల కుప్ప మీదికి విసిరేసింది. మిగిలినవాటికి దిష్టి తగిలిందని గుప్పెడు రాళ్లుప్పు తెచ్చి కుండ మీద తిప్పింది. "కొండ దిష్టి, కోన దిష్టి, దారంట పోయేవోళ్ల దిష్టి..." ఆవిడ మనసు మంచిదే. చేతికి వయసొచ్చింది. వేళ్ల సందుల్లోంచి ఉప్పు రాలుతూనే ఉంది.

మర్నాటికి రెండు నత్తలు నురగ కక్కి చచ్చాయి.

"నురగొచ్చిందంటే ఇసమే! ఎవులో ఎట్టినారు!" అంది అప్పలనర్సమ్మ.

వరహాలరావు విచారణకు దిగాడు. కచేరీలో అన్నీ దొంగకలప కేసులే. హత్య ఆయన చేతికి ఎన్నడూ రాలేదు. కుండలో పోసే నీళ్లు తాగి చూశాడు. బాగానే ఉన్నాయి.

"ఆకులెవరు తెచ్చారు?"

"దేముడమ్మండి," అంది నూకరత్నం మెల్లగా. దేముడమ్మ కొండమీది గూడెం మనిషి. ఆకులూ దుంపలూ తెచ్చిచ్చి, బదులు ఉప్పు పట్టుకెళుతుంది.

సాక్ష్యం కోసం ఆయన ఒక చామాకు పచ్చిదే నమిలాడు. చామ దురదకి గొంతు భగ్గుమంది. మాట పడిపోయింది.

"ఓలమ్మో, నా కొడుక్కీ ఎట్టేసినారు!" అప్పలనర్సమ్మ ఈసారి రెండు చేతులా ఉప్పు తెచ్చింది. కొడుకు కుండ పక్కనే కూర్చున్నాడు. దిష్టి ఆయనకి తీసింది, ఉప్పు నత్తలకి చేరింది.

సరిగ్గా అప్పుడే దేముడమ్మ గంపతో వచ్చింది. గుప్పెడు ఉప్పు కోసం ఆమె ఒక కొండ దిగి ఇంకో కొండ ఎక్కుతుంది. ఇక్కడ అది నేల మీద తెల్లగా పడి ఉంది.

"ఉప్పు పారబోత్తన్నారేటమ్మా? నత్తలు మీ దేవుడా?"

"దేవుడేటే, నీ ఆకులు తినే సత్తన్నాయి! గుమ్మం ఎక్కకు!"

కోపం దేముడమ్మకు అర్థమైంది, కారణం అర్థం కాలేదు. దేవుడు తక్కువైనందుకు కాబోలు అనుకుంది. మర్నాడు గంపెడు నత్తలు తెచ్చి దడి దగ్గర పెట్టింది. "ఇయి సాలతాయేటమ్మా? ఉప్పు మరి నాకిచ్చీండి."

ఉప్పు ఇవ్వలేదు. గంపెడు నత్తలకీ గంపెడు దిష్టి పడింది. సాయంత్రానికి పెరడంతా నురగ. అత్తగారు బండికి కబురు పంపేసింది.

ఆ రాత్రి తొలకరి పడింది. తెల్లారేసరికి లోయ నిండా మబ్బు. బండి గుమ్మంలో ఉంది. ఎద్దుల మెడల్లో గంటలు మాత్రం వినిపిస్తున్నాయి, ఎద్దులు కనిపించడం లేదు. నూకరత్నం దారికి పెరుగన్నం కలపబోతే, ప్రయాణపు దిష్టికని అత్తగారు ఉప్పుజాడీ అడుగంటా ఊడ్చుకుపోయింది. కోడలు అన్నం మూటకట్టి, చీరల మూట చంకన పెట్టుకుని గడప దగ్గర నిలబడింది.

అప్పుడు దడి మీంచి ఒక నత్త దిగింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక మూడోది. తెల్లపొరలు వానకి ఊడిపోయాయి. కొమ్ములు చాచుకుని, చుట్టపుచూపుకి వెళ్లి తిరిగొస్తున్నట్టు, తడినేల మీద మెరిసే గీత గీసుకుంటూ గడప దాకా వచ్చాయి.

"సచ్చినియ్యి లేచొచ్చినాయే! దెయ్యాలే!" అప్పలనర్సమ్మ చేతిలో ఉన్న ఉప్పంతా ముందున్న నత్త మీద కొట్టింది.

అందరూ చూస్తుండగా అది ముడుచుకుని నురగ కక్కింది.

ముందు ఆ నురగను చూశారు. తర్వాత అత్తగారి గుప్పిటను చూశారు. విచారణాధికారికి గొంతు ఇంకా పెగల్లేదు. వేలు మాత్రం లేచింది. ఎదుట ఉన్నది తల్లి కావడంతో మళ్లీ దిగింది. నూకరత్నం చీరల మూట కింద పడేసి చెంబెడు నీళ్లు నత్త మీద పోసింది. ఇంకో చెంబు పోసింది. చాలాసేపటికి ఒక కొమ్ము బయటికొచ్చి, లోకాన్ని అనుమానంగా చూసింది.

"అత్తా, నేనూ రావాలా?"

అప్పలనర్సమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంది. అన్నం మూట అందుకుంది. నత్తల్ని తొక్కకుండా గడప దాటి, ఒక్కతే వెళ్లి బండెక్కింది. మబ్బు బండిని మడిచి దాచేసింది.

మధ్యాహ్నం దారిలో ఆవిడ మూట విప్పితే, అన్నం చప్పగా ఉంది.