తోడేలుపై అభిప్రాయ సేకరణ

నార్వే దేశపు పసిపిల్లలకు ఇకమీదట కథల కరువు ఉండబోదని బాలకథా వికాస శాఖ మంత్రి హల్వార్ గారు ప్రకటించారు. దేశంలోని జానపద కథలూ నీతికథలూ అన్నీ ఒకే వెబ్‌సైట్‌లో, ఆటలతో పాఠాలతో సహా, వేలు తాకిస్తే చాలు. ఇంత మహత్తరమైన ఆలోచన ఇన్నాళ్ళూ ఏ అమ్మమ్మకూ తట్టకపోవడం శోచనీయమని కూడా ఆయన సెలవిచ్చారు. విలేకరులు తలలూపి రాసుకున్నారు.

స్కార్‌విక్ రేవు ఊళ్ళో బోర్గిల్డ్ ఆ వార్త చదివి కాఫీ మీద కాఫీ తాగింది. శనివారం శనివారం గ్రంథాలయం వెనక గదిలో పిల్లలకు కథలు చెప్పేది ఆవిడే. వెబ్‌సైట్ రాగానే ఆ గది దాని సహాయ కేంద్రం అవుతుందట, కథల గంట రద్దట. వారంలో ఆవిడ ఎదురుచూసేది ఆ ఒక్క గంట కోసమే. అది పోతే ఇక గోడలతో మాట్లాడుకోవాలి.

అంతలో మంత్రిగారే పడవెక్కి వచ్చారు. వెంట సలహాదారు ట్రూల్స్.

“బోర్గిల్డ్ గారూ, గది పోతే పోయింది. మీ కథ మాత్రం శాశ్వతంగా ఉంటుంది. మీరు పంపిన తోడేలు కథ చదివి నాకు కళ్ళు చెమర్చాయి” అన్నారు మంత్రి.

“అది నవ్వులాట కథ నాయనా” అంది బోర్గిల్డ్.

“నవ్వీ నవ్వీ చెమర్చాయి. ఒక్క అక్షరం మార్చనివ్వను, సరేనా?”

ఆ కథ బోర్గిల్డ్‌కి వాళ్ళ నాయనమ్మ చెప్పింది. మంచు కురిసేవేళ తోడేలు వచ్చి ఏటి ఒడ్డున ఉన్న ముసలమ్మ గుడిసె తలుపు తట్టి గొర్రెపిల్లనిమ్మంటుంది. “ముందు జావ తాగు, ఆకలిమీద ఉన్నట్టున్నావు” అంటుంది ముసలమ్మ. సలసల కాగే మీగడ జావలో మూతి పెట్టి, నాలుక కాల్చుకుని, తోడేలు లబలబలాడుతూ అడివిలోకి పరుగో పరుగు. గది పోయినా ఆ కథ ఒక్కటైనా బతికుంటుంది కదా అని బోర్గిల్డ్ గుండె రాయి చేసుకుని సరేనంది.

మా దేశంలో ఒక చక్కని ఆచారం ఉంది. సముద్రపొడ్డున బల్ల వేయాలన్నా సర్కారు ముందు సంబంధిత సంఘాలన్నిటికీ చిత్తుప్రతి పంపి, అభిప్రాయం తెలపమని నెలల తరబడి ఓపిగ్గా కూర్చుంటుంది. తోడేలు కథకి ఆ మర్యాద తప్పుతుందా? చిత్తుప్రతి నలుమూలలకూ వెళ్ళింది. ట్రూల్స్ ఫోన్ చేశాడు.

“గొర్రెల రైతుల సంఘం రాసిందండీ. తోడేలు ప్రాణాలతో పోవడం వాళ్ళకి సమ్మతం కాదట.”

“పోనీ, చంపెయ్యనా?”

“అయ్యబాబోయ్! తోడేళ్ళ రక్షణ సంఘం కోర్టుకెక్కుతుంది. నాలుక కాలడమే హింస అంటున్నారు.”

“చల్లారిన జావ పోస్తే?”

“దానికి ఆహార శాఖ ఒప్పుకోదు. చల్లారిన జావ బయట ఉంచకూడదు. మీగడ కూడా ఎక్కువైందట.”

“ఇంకా ఏమన్నా మిగిలిందా తండ్రీ?”

“ముసలమ్మ గుడిసె నీళ్ళకి మరీ దగ్గర. కట్టుకోవడానికి అనుమతి ఉందా అని తీర రక్షణ శాఖ వాళ్ళు అడుగుతున్నారు.”

“మా తాతల నాటి గుడిసె! అప్పుడు మీ అనుమతులెక్కడివి?”

“ఆ సంగతి కథలో రాయలేదు కదండీ” అన్నాడు ట్రూల్స్, ఎంతో బాధగా.

తిలా పాపం తలా పిడికెడు. ప్రజాస్వామ్యం తన పని తాను చేసుకుపోయింది.

ప్రారంభోత్సవం స్కార్‌విక్ గ్రంథాలయంలోనే. జున్ను వేసిన గళ్ళ అట్లు, వాఫిళ్ళు, పంచారు. పిల్లలు తెర ముందు చాపల మీద కూర్చున్నారు. మంత్రిగారు వేలు తాకించారు. తియ్యని గొంతు పలికింది:

“ఒక ప్రాంతంలో ఒక నివాసి ఉండేది. సమీపంలో మరొక నివాసి ఉండేది. వారు పరస్పరం గౌరవించుకున్నారు. ఇప్పుడు చెప్పండి పిల్లలూ, ఎవరు ఎవరిని గౌరవించారు?”

ఐదేళ్ళ సిగ్నె చెయ్యెత్తింది. “తోడేలేది?”

“అందరి ఆమోదంతో తొలగించాం తల్లీ” అన్నారు మంత్రి.

సిగ్నె బావురుమంది. దాన్ని చూసి మిగతావాళ్ళూ అందుకున్నారు. బోర్గిల్డ్ ఎవరినీ అడక్కుండా చాప మీదికి వచ్చి, “మంచు కురుస్తోంది. తలుపు టకటకమంది...” అని మొదలుపెట్టింది. ఏడుపులు టక్కున ఆగాయి. నోళ్ళు తెరుచుకున్నాయి. మంత్రిగారి నోరు కూడా. తోడేలు కుండ దగ్గరికి వచ్చేసరికి ట్రూల్స్ ఆయన చెయ్యి పట్టి లాగాడు. “పడవ వెళ్ళిపోతుందండీ!”

మర్నాడు పత్రికల్లో ఫోటో వచ్చింది. నోళ్ళు తెరుచుకున్న పిల్లలున్నారు, తెర ఉంది, బోర్గిల్డ్ ఉండాల్సిన చోట ఫోటో అంచు ఉంది. “వెబ్‌సైట్‌కి మంత్రముగ్ధులైన చిన్నారులు” అని కింద రాశారు. వెనక గదికి సహాయ కేంద్రం బోర్డు, దానితోపాటు తాళం పడ్డాయి.

తర్వాత వారం మంత్రిగారు రెండో దశ ప్రకటించారు. తెర అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ప్రాణమున్న మనిషి పిల్లల ఎదుట కూర్చుని నోటితో కథ చెబుతాడు. ఇటువంటి సాంకేతికత ఎక్కడా లేదని నిపుణులు ధ్రువీకరించారు. తొలి ప్రయోగం స్కార్‌విక్‌లోనే, శనివారం. కథ చెప్పేది సాక్షాత్తూ మంత్రిగారు.

గది తాళం తీశారు. బోర్గిల్డ్ వెనక గోడకి ఆనుకుని నిలబడింది. ఆవిడ కుర్చీలో మంత్రిగారు కూర్చున్నారు. నిజం చెప్పొద్దూ, బాగానే చెప్పారు. మంచు కురిపించారు, తలుపు కొట్టారు, తోడేలు గొంతు కూడా పెట్టారు.

“తోడేలు కుండ మీదికి వంగింది...” అని ఆగారు. ఆయన విన్నది అంతవరకే.

“తర్వాత?” అన్నారు పిల్లలు.

మంత్రిగారు ట్రూల్స్ వైపు చూశారు. ట్రూల్స్ ఆమోదం పొందిన ప్రతి తీసి, “వారు పరస్పరం...” అనబోయాడు.

“కాదూ!” అని గది దద్దరిల్లింది.

బోర్గిల్డ్ వచ్చి కుర్చీ పక్కన నిలబడింది. “లే నాయనా” అంది.

మంత్రిగారు లేచారు. ఎటు వెళ్ళాలో తోచక సిగ్నె పక్కన చాప మీద చతికిలబడ్డారు. బోర్గిల్డ్ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

“ఎక్కడున్నాం?” అంది.

“మొదట్నుంచి చెప్పు అమ్మమ్మా” అంది సిగ్నె.

“అవునండీ, మొదట్నుంచే చెప్పండి” అన్నారు మంత్రిగారు.