ఉమ్మడి పెట్టె

ఆకాశం ఆ పొద్దున పొట్టు మినుములు కడిగిన నీళ్ల రంగులో ఉంది. వాన ఇప్పుడే రాదు, కానీ వస్తుంది. జమ్మికుంట దాటాక ఉన్న రెండూళ్ల పత్తి రైతుల సంఘం గేటు ముందు ముప్పై ఎనిమిది ట్రాక్టర్లు పత్తితో నిలబడ్డాయి. అన్నింటికన్నా ముందున్నది శంకరవ్వది. మూడెకరాల పత్తి, ఏడాది పంటంతా ఆ ఒక్క ట్రాలీలోనే ఉంది. తడిస్తే కాంటా ఎక్కనివ్వరు. కప్పడానికి ఆమె తెచ్చిన టార్పాలిన్‌లో చెయ్యి పట్టేంత చిల్లులున్నాయి.

సంఘంలో కంప్యూటర్లు చూసే హరీష్ ఆలోచన మామూలుగానే ఉంది. ఎనిమిదింటికి టోకెన్ల జాబితా తెరవాలి, ఒకటో నంబరు పిలవాలి, వాన దిగేలోపు అందరి పత్తీ కాంటా ఎక్కించాలి.

అతని గదిలో మూడు పెట్టెలున్నాయి. ఎడమ పక్క సర్వర్ గుట్టపల్లి వాళ్లు కొనిచ్చింది, కుడి పక్కది వాగుపల్లి వాళ్లు కొనిచ్చింది. ట్రాక్టర్లకు పేర్లు రాసే మనిషితో రెండింటి మీదా ఊరి పేర్లు రాయించారు. మధ్యలోని స్టోరేజి పెట్టె రెండూళ్లూ కలిసి కొన్నది. దాని మీద ఎవరి పేరూ లేదు, దుమ్ము కూడా ఎవరూ తుడవరు. జాబితా దాచే వాల్యూం, అంటే డేటా అర, అందులోనే ఉంటుంది. దాన్ని ఒక సర్వర్ పట్టుకొని నడుపుతుంది, అది పడిపోతే రెండోది అందుకుంటుంది. ఎదుటిది బతికుందో లేదో తెలియడానికి రెండు సర్వర్ల మధ్యా ఒక తీగ ఉంది.

తమ పేరు కిటికీలోంచి కనబడటం లేదని వాగుపల్లి వాళ్లు ముందు రోజు తమ సర్వర్‌ను బెత్తెడు ముందుకు జరిపారు. తీగ ఊడింది. ఎదుటిది చచ్చిందనుకొని రెండు సర్వర్లూ ఒకేసారి వాల్యూం మీద చెయ్యి వేశాయి. మధ్య పెట్టె ఎవరికీ ఇవ్వకుండా తాళం వేసుకుంది.

హరీష్ తీగ మళ్లీ పెట్టాడు. తాళం ఊడలేదు. హైదరాబాద్‌లోని ఇంజనీరు తిరుమలకు ఫోన్ చేసి, చేతులు ఖాళీగా ఉండాలని స్పీకర్ పెట్టాడు. కిటికీ తెరిచే ఉంది.

"ఏం లేదండి," అంది తిరుమల. "ఒక సర్వర్ ఆపేయండి. తాళం ఊడుతుంది."

"ఏది ఆపాలె మేడం?"

"ఏదైనా ఫర్వాలేదు."

ఆ మాట కిటికీ దాటి ట్రాక్టర్ల వరస చివరిదాకా పోయింది. రెండు నిమిషాల్లో గుట్టపల్లి పెద్దమనిషి సాంబయ్య, వాగుపల్లి పెద్దమనిషి రాయమల్లు గదిలో ఉన్నారు. వాళ్ల వెనక రెండూళ్లున్నాయి.

"హరీషూ, మా పెట్టె దిక్కు చెయ్యి పోనియ్యకు," అన్నాడు సాంబయ్య.

"మాదాని దిక్కు గూడ," అన్నాడు రాయమల్లు. "సాంబన్నా, మీ పెట్టె కొన్నకాన్నుంచి గుర్రుగుర్రుమంటనే ఉన్నది. జర దమ్ము తీసుకోనియ్యరాదు?"

"పని జేసేది గుర్రుమంటది. మీది సప్పుడెందుకు జేస్తది?"

"రెండూ ఒక్కపారే బందు వెడుదాం," అన్నాడు హరీష్.

"మల్ల మొదలు ఎవలది షురూ జేస్తవు?" అన్నారు ఇద్దరూ. ఆ రోజు వాళ్లు మొదటిసారి ఒక్కమాట మీద ఉన్నది అప్పుడే.

పదకొండింటికి కరెంటు పోయింది. సర్వర్లు దేని ఇన్వర్టర్ మీద అది నడవసాగాయి. కాంటా కూడా వాటి మీదే నడుస్తుంది. ఇరవై నిమిషాల్లో చార్జి అయిపోయి ఏదో ఒకటి దానంతటదే ఆగుతుందని హరీష్‌కు ఆశ కలిగింది.

రాయమల్లుకు అదే అర్థమైంది, కానీ మరోలా. "ఏది ముందు బందైతే గా ఊరు ఓడినట్టు," అని బయటికి నడిచాడు. పది నిమిషాలకు ఒక ట్రాక్టర్ బ్యాటరీ వాగుపల్లి ఇన్వర్టర్‌కు తగిలింది. అది చూసి సాంబయ్య రెండు తెప్పించాడు. ఒంటిగంటకు గదిలో కాలు పెట్టే చోటు లేదు.

తిరుమల మళ్లీ ఫోన్ చేసింది. "బ్యాకప్ ఉందా అండి?"

"ఉన్నది మేడం. గుట్టపల్లి దిక్కు పద్దెనిమిది బ్యాటరీలు, వాగుపల్లి దిక్కు ఇరవై."

"మా హెడ్డాఫీసులో కూడా అంత లేదండి. రెండు సర్వర్లకేనా?"

"రెండూళ్లకు మేడం."

అప్పుడే శంకరవ్వ లోపలికి వచ్చింది. ఆమె ఎక్కి వచ్చిన ట్రాక్టర్ బ్యాటరీ కూడా ఆ ఇరవైలోనే ఉంది.

"మబ్బు నెత్తి మీదికచ్చింది. మీ లొల్లి ఒడువదా?"

"నువ్వే తీర్పు జెప్పు చెల్లె," అన్నాడు సాంబయ్య. "నువ్వు పుట్టింది గుట్టపల్లిలనే."

"చెప్పనియ్యి. ఇరవై ఏండ్లసంది బతుకుతున్నది మా ఊర్లె," అన్నాడు రాయమల్లు.

శంకరవ్వ పెట్టెల వంక చూసింది. "అన్నా, గీ ఎడమదాన్ని బందు వెడితే?"

"మా ఊరి ఇజ్జత్ పోతది."

"బావా, గా కుడిదాన్ని?"

"మేం ఊర్లె తలెత్తుకోలేం."

"నడుమది ఎవలది?"

"ఇద్దరిది."

"అయితే దాన్నే బందు వెట్టుండ్రి."

"అయ్యో, దాన్ని మాత్రం ముట్టుకోకండి," అంది ఫోన్లో తిరుమల. "అందరి డేటా అందులోనే..."

మధ్య పెట్టెకు రెండు పక్కలా, ఒక్కో ఇన్వర్టర్‌కు ఒకటి చొప్పున, రెండు ప్లగ్గులున్నాయి. ఆమె మాట పూర్తికాకముందే సాంబయ్య ఒకటి పీకాడు, రాయమల్లు ఒకటి పీకాడు. ఇద్దరిదీ అయిన దాన్ని ఆపడానికి ఆ గదిలో ఒక్కరికీ అభ్యంతరం లేకపోయింది.

హరీష్ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. కొంతసేపటికి లేచి, ప్లగ్గులు మళ్లీ పెట్టాడు. ఆరు నిమిషాలకు మధ్య పెట్టె మేల్కొంది. ఎవరికీ ఇవ్వనని తాళం వేసుకున్న సంగతి దానికి గుర్తులేదు. జాబితా తెరుచుకుంది. వాల్యూంను ఏ సర్వర్ అందుకుందో హరీష్ చూశాడు. చెప్పలేదు.

"ఒకటో నంబరు. శంకరవ్వ."

బయట ఏ ఇంజనూ మోగలేదు. ముప్పై ఎనిమిది ట్రాక్టర్ల బ్యాటరీలూ గదిలోనే ఉన్నాయి. అన్నీ నల్లవే, అన్నీ ఒక్కతీరువే.

"గిది మాది," అన్నాడు రాయమల్లు.

"గా మూలకున్నది చూసుకో. గిది మాది," అన్నాడు సాంబయ్య.

కిటికీ రేకు మీద ఒక చినుకు పడింది.

"బావా, గా టైరు నువ్వు వట్టు. అన్నా, గిది నువ్వు," అంది శంకరవ్వ. "నూకుండ్రి."

కాంటా దాకా చిన్న ఎత్తు. రెండూళ్లూ భుజాలు పెట్టి ట్రాక్టర్‌ను తోశాయి. కాంటా మీద అంకె నిలిచింది. ట్రాలీ తోక కాంటా అవతలి షెడ్డులోకి చేరగానే వాన దిగింది. మిగతా ముప్పై ఏడింటి మీద టార్పాలిన్లు పడ్డాయి. వాళ్లవి మంచివే. కానీ ఏ బ్యాటరీ ఎవరిదో తేలేదాకా ఏ ట్రాక్టరూ కదలదు.

షెడ్డు కింద శంకరవ్వ మూట విప్పింది. జొన్న రొట్టెలు, పుంటికూర, ఉల్లిగడ్డలు. మిగతావాళ్లూ తమ సద్దులు తెచ్చి నడుమ పెట్టారు. సాంబయ్య, రాయమల్లు, హరీష్ ఒకే వరసలో కూర్చున్నారు. రేకుల మీద వాన, నములుతున్న చప్పుడు, అంతే.

రెండో రొట్టె సగంలో ఉండగా కరెంటు వచ్చింది. ఎవరూ తల ఎత్తలేదు.