ఆకు వెండి, జుట్టు వెండి

"ఇకమీదట వెండి గనుల్లోంచి రాదు, ఆకుల్లోంచి వస్తుంది!" అని మంత్రిగారు మైకులో ప్రకటించేశారు. మహానుభావుడు! అది విని ల్యాబ్ మేడం గుండెల్లో రాయి పడింది. ఆవిడ చెప్పింది వేరు. వెండి ఉప్పు కలిపిన నీళ్లలో ఆకు రసం పోస్తే, విషపు మందులతో పని లేకుండా కంటికి ఆనని వెండి నలుసులు తయారవుతాయంది. అయినా అందరితో పాటు చప్పట్లు కొట్టింది. ఈ సభ రక్తికట్టకపోతే నెలాఖరుకి ల్యాబ్‌కి తాళం.

మంత్రిగారి ముందుచూపే ముందుచూపు. ఆకుకి లోటు రాకూడదని ల్యాబ్ వీధిలో చెట్లన్నీ ముందే కొట్టించారు. కాకులు కరెంటు తీగల మీద క్యూ కట్టాయి. మోళ్ల మధ్య 'పర్యావరణహితం' అని ప్లాస్టిక్ బ్యానర్ రెపరెపలాడింది.

సభలో మేడం సీసాలో ఆకు రసం పోసింది. నీళ్లు పసుపుపచ్చగా, ఆపైన గోధుమరంగుకి తిరిగాయి. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఇదేంటమ్మా, టీ డికాషన్‌లా ఉంది? వెండేదీ?" అన్నాడు పీఏ. ఆయన మంత్రిగారి బావమరిది కూడా.

"అదే వెండండీ. నలుసు అంత చిన్నదైతే ఆ రంగే."

"జనం నవ్విపోతారు. బావా, ఆ పక్క సీసా చూడు, తళతళలాడుతోంది!"

"అయ్యయ్యో, అందులో ఆకు రసమే పడలేదు! ఉత్త వెండి ఉప్పు నీళ్లు. ముట్టుకోకండి సార్, ఎండ తగిలితే..."

మంత్రిగారు అప్పటికే సీసా ఎత్తి, "ఇదిగో ఆకు వెండి!" అంటూ తన నెరిసిన తల మీద కుమ్మరించుకున్నారు. చప్పట్లు మారుమోగాయి. ఆ తడి తలతోనే ఓపెన్ జీపులో ఎండలో ఊరేగారు.

సాయంత్రం మేడంకి మంత్రిగారి ఫోన్.

"అమ్మాయ్, నా జుట్టు నల్లబడింది."

"క్షమించండి సార్, నేను చెబుతూనే..."

"నుదురు కూడా నల్లబడిందనుకో. అది టోపీతో సర్దుకుంటాం. అసలు సంగతి చెప్పు, ఎన్నాళ్లుంటుంది?"

మర్నాడే ల్యాబ్‌కి గడువు పెంచారు. పీపాల కొద్దీ వెండి ఉప్పు దిగింది. వరండాలో పార్టీ పెద్దలంతా మెడకి తువ్వాళ్లు చుట్టుకుని, వరసలో ఎవరు సీనియరో తేలక తోసుకుంటున్నారు.

"ఆకు రసం ఎప్పుడు కలపమంటారండీ?" అనడిగింది మేడం.

"ఆకా? ఎందుకమ్మా, రంగు చెడిపోదూ?" అన్నాడు పీఏ. ఆవిడ చేతిలో బ్రష్ పెట్టి, కుర్చీలో కూర్చుని తల వంచాడు. "చెవుల వెనక వదిలెయ్యకు తల్లీ."