చార్జి తీసుకున్నవారి సంతకం

ఆ రోజు ఉదయం నరసింగరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికల్లా వార్డు ఆఫీసు ముందు టెంటు కింద కూర్చోవడం, ఎవర్నీ ఏమీ అనకపోవడం, ఒక కాగితం మీద ఒక తేదీ రాయించుకుని ఇంటికి రావడం.

ఆ తేదీ మంచినీళ్ల పైపుది. ఛత్తీస్‌గఢ్‌లో ఉక్కు ప్లాంటు పక్కనున్న ఖుర్సీపార్‌లో వాళ్ల వీధి కుళాయికి వచ్చే పైపు మురికికాలవ లోపలినుంచి వస్తుంది. అతుకు దగ్గర పగిలి రెండేళ్లయింది. వానాకాలంలో ఆయన భార్య వరలక్ష్మమ్మకి పచ్చకామెర్లు వచ్చి మూడు వారాలు మంచం దిగలేదు. మళ్లీ వస్తే మనిషి తట్టుకోలేదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. నరసింగరావుకి జీవితంలో భయమనేది ఆ మాటతోనే మొదలైంది.

వార్డు కౌన్సిలరు, అక్కడివాళ్ల మాటలో పార్షద్, సురేశ్. పైపు మార్పిస్తానని రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. మునిసిపల్ ఎన్నికలు ఇంకో వారంలో ఉన్నాయి. ఓట్లు పడేలోపు సంతకంతో తేదీ తీసుకోకపోతే ఆ తర్వాత ఎవరిస్తారని నరసింగరావు ధర్నాకి దరఖాస్తు పెట్టాడు. దుర్గ్ కలెక్టరు ఆఫీసులో అనుమతి ఇచ్చారు కానీ ఒక షరతు పెట్టారు: టెంటులో ఏ సమయంలోనూ ఐదుగురికి మించి ఉండకూడదు.

ముప్పై నాలుగేళ్లు రోలింగ్ మిల్లులో పనిచేసి షిఫ్టు ఇన్‌చార్జిగా రిటైరైన మనిషికి ఇదొక లెక్కా? ఆరు నుంచి రెండు దాకా ఆయనతో కలిపి ఐదుగురు, రెండు నుంచి పది దాకా చిట్టిబాబుతో కలిపి ఐదుగురు. అందరూ ప్లాంటు రిటైర్డ్ మనుషులే. ప్లాంటు పద్ధతిలోనే ఒక రిజిస్టరు కూడా తెరిచాడు. అందులో సమయం, జరిగిన సంగతి, మిగిలిన పని, చార్జి ఇచ్చినవారి సంతకం, తీసుకున్నవారి సంతకం అని గళ్లు గీశాడు. మిగిలిన పని కింద మొదటి పేజీలోనే హిందీలో రాసి పెట్టాడు: పైపు కాలవలోంచి తీసి పక్కకి వేయించాలి.

బందోబస్తుకి వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టరు దేవాంగన్ ఆ పక్క వీధి కుర్రాడే. ఇంట్లో ఛత్తీస్‌గఢీ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగాడు. తలలు లెక్కపెట్టి, ఐదే ఉన్నాయని చూసుకుని, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పదకొండు ఇరవైకి ఆయన ఒక చేతిలో సమోసాల ప్లేటు, ఇంకో చేతిలో చట్నీ ఉండగా ఫోను మోగింది. బొటనవేలితో స్పీకరు నొక్కాడు. అవతల సురేశ్. ఆరో మనిషి వచ్చేదాకా ఓపిక పట్టమనీ, రాగానే టెంటు పీకేసి అందర్నీ వ్యాన్ ఎక్కించమనీ, ఓట్ల ముందు తన ఆఫీసు ఎదుట ఈ ముసలాళ్ల మొహాలు కనబడకూడదనీ స్పష్టమైన హిందీలో చెప్పాడు. దేవాంగన్ నోట్లో సమోసా ఉంది కాబట్టి ఊఁ అన్నాడు. నరసింగరావు దాన్ని కొలిమి వేడి రాసుకున్నంత శ్రద్ధగా, సమయంతో సహా రిజిస్టరులో రాసుకున్నాడు. ఎవరి మీదా కోపంతో కాదు, షిఫ్టులో జరిగింది రాయకపోతే ఆయనకి అన్నం సహించదు.

రెండింటికి పది నిమిషాలుందనగా చిట్టిబాబు తన నలుగురితో వచ్చాడు. తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవరు, పది నిమిషాల ముందు రావడం, రిజిస్టరు చదివి సంతకం పెట్టడం, అప్పుడుగానీ ముందువాడు సీటు వదలకపోవడం ప్లాంటులో ఉన్న ఆచారం. కన్నతండ్రి చావు కబురొచ్చినా రిలీవరు మొహం చూశాకే కదిలిన మనుషులు వాళ్లు. ఈ పది నిమిషాల్లో టెంటులో పదిమంది అవుతారన్న సంగతి ఇద్దరు ఇన్‌చార్జిల్లో ఒక్కరికీ తట్టలేదు.

దేవాంగన్ లేచి నిలబడ్డాడు. పదిమంది అయ్యారు కాబట్టి ఐదుగురు ఎక్కువ, ఆ ఐదుగురూ వెంటనే వెళ్లిపోవాలన్నాడు.

"రిలీవరు సంతకం అవకుండా ఎలాగెల్తాం సార్?" అన్నాడు నరసింగరావు. "సీటు కాళీ ఒగ్గేసి ఎల్లిపోడం మాకు అలవాటు లేదు."

పోనీ మీరు వెళ్లండని చిట్టిబాబుతో అంటే, డ్యూటీకి వచ్చినవాణ్ణి గేటు నుంచి తిప్పి పంపడం ఏ చట్టంలో ఉందని ఆయన నెమ్మదిగా అడిగాడు. దేవాంగన్ తనకి దగ్గరగా ఉన్న నరసింగరావు ఐదుగుర్నీ వ్యాన్ ఎక్కించాడు. రిజిస్టరు నరసింగరావు చంకలోనే ఉండిపోయింది. చార్జి తీసుకోవడం సగంలో ఆగిపోయిందని చిట్టిబాబు బృందం పరిగెత్తుకొచ్చి, ఎవరూ పిలవకుండానే అదే వ్యాన్ ఎక్కేసింది.

భర్తకి అన్నం క్యారేజీ తెచ్చిన వరలక్ష్మమ్మకి ఖాళీ టెంటు కనబడింది. ప్లాంటు ఉద్యోగి భార్యకి ఖాళీ సీటు అంటే లోపల ఏదో ప్రమాదం జరిగినట్టు లెక్క. వీధిలోకి వెళ్లి సంగతి తెలుసుకుని, నలుగురిని వెంటబెట్టుకొచ్చి టెంటులో కూర్చోబెట్టి, క్యారేజీ పట్టుకుని స్టేషనుకి నడిచింది. మిగిలిన తొమ్మిదిమంది ఇళ్లకీ కబురు వెళ్లింది. మూడయ్యేసరికి స్టేషను వరండాలో మరో తొమ్మిది క్యారేజీలు, వాటితో వచ్చిన భార్యలు, కోడళ్లు, మనవలు, కొత్త రిలీవర్లుగా వచ్చిన మరో ఐదుగురు పోగయ్యారు. లోపల కేసులు రాసే రైటరు కలం పట్టుకుని బిక్కమొహం వేశాడు. ఎక్కువైన ఐదుగురి పేర్లు రాయాలి, పదిమందిలో ఎక్కువైనవాళ్లెవరో తేలలేదు. అందుకని ఒక్క పేరూ రాయలేదు.

అప్పుడే ఫోనొచ్చింది. ఎన్నికల పరిశీలకురాలు రజనీకుమారి మరో అరగంటలో స్టేషను చూడడానికి వస్తున్నారని.

దేవాంగన్ వరండాలోకి వచ్చి, కేసూ లేదు ఏమీ లేదు, దయచేసి అందరూ ఇళ్లకి వెళ్లిపోండని బతిమాలాడు. ఒక్కరూ కదల్లేదు.

"అంకుల్, ఇంకేం కావాలి మీకు?"

"మా సీట్లోంచి మమ్మల్ని లేపింది మీరు," అన్నాడు నరసింగరావు, పెరుగన్నం కలుపుకుంటూ. "అంటే చార్జి మీకాడే ఉంది. తీసుకున్నట్టు సంతకం పెట్టీండి, ఎల్లిపోతాం."

దేవాంగన్ రిజిస్టరు లాక్కుని చూపించిన గడిలో సంతకం గీకి, కింద హోదా రాసి, మూడు ఇరవై అయిదు అని సమయం వేశాడు. అంతే, అందరూ క్యారేజీలు మూసి లేచారు. అంత విధేయమైన జనాన్ని ఆయన సర్వీసులో చూడలేదు. ప్రాణం లేచొచ్చినట్టయింది.

వాళ్లు గేటు దాటుతుండగా పరిశీలకురాలి కారు ఎదురైంది. ఇంతమంది ఎవరని ఆవిడ దిగి అడిగింది. దేవాంగన్ నోరు తెరిచేలోపే నరసింగరావు రిజిస్టరు ఆవిడ చేతికిచ్చాడు. పై అధికారి అడిగితే నోటితో చెప్పడం ఆయనకి తెలియదు, రిజిస్టరు చూపించడమే తెలుసు.

రజనీకుమారి నిలబడే చదివింది. పదకొండు ఇరవై దగ్గర ఆగి, మళ్లీ చదివింది. తర్వాత స్టేషను రికార్డు తెప్పించుకుంది. అందులో ఈ పదిమంది ఊసే లేదు.

"ఈ సంతకం మీదేనా?" అని దేవాంగన్‌ని అడిగింది.

కాదంటే పదిమంది పెద్దవాళ్లని ఒక్క కాగితమైనా లేకుండా ఎత్తుకొచ్చినట్టు. అవునంటే ఆ పేజీలో ఉన్నదంతా, ఫోనుతో సహా, ఒప్పుకున్నట్టు. దేవాంగన్ ఒక్కసారి గేటు వైపు చూశాడు. వరలక్ష్మమ్మ నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకుంటోంది. చిన్నప్పుడు ఆడి ఆడి అలిసొస్తే ఆవిడ గుమ్మంలోనే మంచినీళ్లు అడిగి తాగేవాడు. ఆయనకి సిగ్గేసింది.

"నాదే మేడమ్. చదివే పెట్టాను."

అది అబద్ధం. అయినా ఆ రోజు ఆయన చెప్పినవాటిలో నిజాయితీ ఉన్న మాట అదే. పరిశీలకురాలు సురేశ్‌కి ఆ ఫోను సంగతి మీద నోటీసు రాయించింది. తాగునీటి మరమ్మతుకి ఎన్నికల నిబంధన అడ్డు రాదని చెప్పి, మిగిలిన పని గడి మీద వేలు పెట్టి, ఇది ఇప్పుడు మీ సంతకం కింద ఉంది, ఓట్ల రోజులోపు పూర్తయిందని నాకు చూపించండని దేవాంగన్‌తో అంది.

తర్వాతి ఐదు రోజులూ దేవాంగన్ ఎవర్నీ అరెస్టు చేయలేదు, తీరిక దొరక్క. ఇంజనీరు ఇంటి ముందు జీపు ఆపుకుని కూర్చున్నాడు. తవ్వే మనుషుల్ని తెచ్చుకున్నాడు. కాలవ గట్టు మీద కుర్చీ వేసుకుని, ఎన్ని అడుగుల పైపు పడిందో రిజిస్టరులో తనే రాశాడు. పక్కనే సురేశ్ తన బొమ్మతో బ్యానరు కట్టిస్తే, నిబంధన చూపించి విప్పించాడు. వీధివాళ్లు ఉప్మా తెచ్చిపెట్టారు. ఆరో రోజు పొద్దున్న కొత్త పైపులోంచి నీళ్లొచ్చాయి. నరసింగరావు మొదటి గ్లాసు తాను తాగి, అరగంట ఆగి, రెండో గ్లాసు భార్యకి ఇచ్చాడు. ఆవిడ తాగుతుంటే కళ్లు తుడుచుకోవడం ఎవరైనా చూస్తారేమోనని గోడవైపు తిరిగాడు.

మర్నాడు ఓట్లు. వరలక్ష్మమ్మ యంత్రం ముందు ఎంతసేపటికీ మీట నొక్కలేదు. ఏమైందమ్మా అని అధికారి అడిగితే పేరు వెతుకుతున్నానంది. చివరికి ఏదో నొక్కి బయటికొచ్చి, తలుపు దగ్గర డ్యూటీలో ఉన్న దేవాంగన్ ముందు ఆగింది.

"పనిసేసినోడి పేరు దాన్లో నేదేటి బాబూ?"

దేవాంగన్ తల వంచుకుని లైను సరిచేయడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రందాకా ఖుర్సీపార్‌లో ఆ వీధివాళ్లు ఒక్కొక్కరూ లోపల ఎక్కువసేపే ఉన్నారు, కానీ యంత్రంలో ఉన్న పన్నెండు పేర్లూ అభ్యర్థులవే.